ఎన్నాళ్ళు మందో అన్నాళ్ళూ కొలత: ఏకాగ్రత మాత్రల మీద ఎనిమిది తప్పుడు సలహాలు

జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లో ఒక ఇంట్లో పిల్లాడికి డాక్టరు ఏకాగ్రత మాత్ర రాశాడంటే, ఆ సంగతి సాయంత్రానికల్లా సాక్చి గోల్‌చక్కర్ దాటిపోతుంది. మర్నాడు బిష్టుపూర్ రామమందిరంలో తెలిసినావిడ చెయ్యి పట్టుకుని ఆరా తీస్తుంది. ఆదివారం శ్రీకాకుళం నుంచి పెద్దమ్మ ఫోను. అందరి దగ్గరా ఒక్కో సలహా ఉంటుంది. ఇచ్చేవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. తాతల నాడు ఉక్కు కంపెనీ పని కోసం ఇంత దూరం వచ్చి, ఒకరి కష్టానికి ఒకరు నిలబడి బతికిన జనం మనం. కానీ ఈ మందు విషయంలో ప్రేమతో చెప్పిన తప్పు మాట కూడా తప్పే. దాని ఫలితం అనుభవించేది పిల్లాడు.

ముందు మందు గురించి నాలుగు మాటలు. దీని పేరు మెథైల్‌ఫెనిడేట్. ఇన్‌స్పైరల్, యాడ్‌వైజ్, కాన్సెర్టా లాంటి పేర్లతో వస్తుంది. 1944లో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారు చేశాడు. భార్య ముద్దుపేరు రీటా కలిసేలా రిటాలిన్ అని పేరు పెట్టాడు. మెదడులో డోపమైన్, నోరడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలైన చోట ఇంకాసేపు నిలిచేలా చెయ్యడం దీని పని. అందువల్ల ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత లోపం ఉన్న పిల్లలకి మనసు ఒకచోట నిలుస్తుంది. ఆ నోరడ్రినలిన్ ప్రభావం మెదడుతో ఆగదు. గుండె వేగం, బీపీ కూడా కొంచెం పెరుగుతాయి, ఆకలి తగ్గుతుంది, నిద్ర ఆలస్యమవుతుంది. మంచీ చెడూ రెండూ ఒకే మూలం నుంచి వస్తాయి కాబట్టే దీన్ని ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: ఎన్నాళ్ళు మందో అన్నాళ్ళూ కొలత ఉండాలి. కింద రాసిన ఎనిమిది సలహాలూ ఏదో ఒక దారిన ఆ కొలతని తప్పించేవే.

1. "పిచ్చి మందు పెడతన్నావేటమ్మా? రేపు కాంకే తీసుకెళ్లాల్సొస్తాది!"

జార్ఖండ్‌లో కాంకే అన్న మాట తిట్టు అయిపోయింది. రాంచీ కాంకేలో 1918 నుంచి నడుస్తున్న పెద్ద మానసిక చికిత్సా సంస్థ ఉంది. అక్కడికి వెళ్ళడం సిగ్గుపడాల్సిన పని కాదు. అసలు ఏడీహెచ్‌డీ పిచ్చి కాదు, పెంపకంలో లోపం కాదు, కావాలని చేసే అల్లరీ కాదు. అది మెదడు ఎదుగుదలలో ఉన్న తేడా.

వైద్యం మానేస్తే పోయేదేమీ లేదనుకోవడం ఇంకో పొరపాటు. స్వీడన్‌లో 1,48,578 మంది ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళ రికార్డులు పరిశీలించి 2024లో ఫలితాలు ప్రచురించారు. నిర్ధారణ అయిన 3 నెలల్లోపు మందు మొదలుపెట్టినవాళ్ళలో రెండేళ్ళలో మరణాలు ప్రతి 10,000 మందికి 39. మొదలుపెట్టనివాళ్ళలో 48. ముఖ్యంగా ప్రమాదాలు, విషప్రభావాల లాంటి కారణాలతో పోయేవాళ్ళు తగ్గారు. మనసు నిలవని మనిషి రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు, యంత్రం పక్కన నిలబడేటప్పుడు ఎంత ప్రమాదమో ఈ ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మందు అవసరమో కాదో డాక్టరు తేల్చాలి. పరువు భయం తేల్చకూడదు.

2. "పదేళ్ళు వాడినా ఏం కాదు. పాత చీటీ చూపించి తెచ్చుకో, చాలు."

మొదటి సలహా భయపెడుతుంది, ఇది నిద్రపుచ్చుతుంది. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి ఇదే ఎక్కువ చేటు.

స్వీడన్‌లోనే జరిగిన మరో పరిశీలన 2023 నవంబరులో వచ్చింది. 6 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న 2,78,027 మందిని 14 ఏళ్ళ దాకా గమనించారు. 5 ఏళ్ళకు మించి ఏడీహెచ్‌డీ మందులు వాడినవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు వాడనివాళ్ళకంటే 23 శాతం ఎక్కువగా కనిపించింది. పెరిగినవి ముఖ్యంగా రెండు: అధిక రక్తపోటు, ధమనుల జబ్బులు. ముప్పు ఎక్కువగా పెరిగింది మొదటి 3 ఏళ్ళలోనే, ఆ తర్వాత దాదాపు నిలకడగా ఉంది. మోతాదు పెద్దదైన కొద్దీ ముప్పూ పెరిగింది.

23 శాతం అనగానే గుండెలు బాదుకోవద్దు. వందలో 23 మందికి జబ్బు వస్తుందని దీనర్థం కాదు. వయసును బట్టి అసలుండే ముప్పు ఆ మేరకు పెరుగుతుందని. పిల్లల్లో ఆ అసలు ముప్పే చాలా చిన్నది. అయినా బీపీ ఎక్కినా పైకి మామూలుగా ఏ లక్షణమూ కనిపించదు కాబట్టి కొలవకపోతే తెలియదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల ప్రకారం మోతాదు మార్చే ముందూ, మార్చిన తర్వాతా, ఆపైన ప్రతి 6 నెలలకీ బీపీ, నాడి చూడాలి. పొద్దున్న మందు వేసుకోక ముందు ఒక్కసారి చూసి ఊరుకుంటే సరిపోదు, మందు పనిచేసే వేళ కూడా చూడాలి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఆనించి, పిల్లలకి పిల్లల కొలత పట్టీతోనే చూడాలి. పెద్దవాళ్ళ పట్టీ చిన్న చేతికి వదులై అంకె తక్కువ చూపిస్తుంది.

ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయి ఉంటే ఆ సంగతి మందు మొదలుపెట్టకముందే డాక్టరుకి చెప్పాలి. మందు మీద ఉండగా ఛాతీ నొప్పి వచ్చినా, ఆడుతూ ఆడుతూ స్పృహ తప్పినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

3. "పిల్లాడు పొట్టిగా ఉండిపోతాడు, వెంటనే ఆపీ!"

ఇందులో సగం నిజం ఉంది. అమెరికాలో 579 మంది పిల్లలతో మొదలైన ఎంటీఏ అధ్యయనం మొదటి ఫలితాలు 1999లో వచ్చాయి. ఆ పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించి 2017లో ఇంకో నివేదిక ఇచ్చారు. మందు వాడుతూ వచ్చినవాళ్ళు, దాదాపు వాడనివాళ్ళకంటే సగటున రెండున్నర సెంటీమీటర్లు తక్కువ ఎత్తుకి చేరారు. రెండున్నర సెంటీమీటర్లంటే సుమారు ఒక అంగుళం. అది ఉత్తినే కొట్టిపారేసే సంగతి కాదు, బెంబేలెత్తి మందు ఆపేసే సంగతీ కాదు.

చెయ్యగలిగింది చాలా ఉంది. ప్రతి 6 నెలలకోసారి పిల్లాణ్ణి చెప్పుల్లేకుండా గోడకి నిలబెట్టండి. మడమలు, వీపు, తల గోడకి ఆనాలి. నెత్తి మీద అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి, దాని కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వెయ్యండి. టేపుతో కొలిచి అంకె నోటుబుక్కులోకి ఎక్కించండి. పదేళ్ళలోపు పిల్లలకి బరువు 3 నెలలకోసారి చూడాలి. రెండు కొలతల మధ్య ఎదుగుదల మందగిస్తే డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, వేసవి సెలవుల్లో కొన్నాళ్ళు ఆపి చూడమనవచ్చు. ఆ విరామం ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్నది డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి.

తిండి సంగతి ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంది. మాత్ర కడుపులో పడ్డాక మధ్యాహ్నం డబ్బా సగం మిగిలి ఇంటికి రావడం మామూలే. దానికి పిల్లాణ్ణి తిట్టి లాభం లేదు, వాడికి నిజంగానే ఆకలి వెయ్యదు. అందుకని మాత్రకి ముందే కడుపు నిండా పెట్టండి: ఇడ్లీ, నెయ్యి వేసిన ఉప్మా, గుడ్డు, పాలు. సాయంత్రం మందు దిగాక ఆకలి తిరిగొస్తుంది. అప్పుడు బిస్కెట్లతో సరిపెట్టకుండా అన్నం, పప్పు, పెరుగు పెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు అరటిపండో పల్లీ చిక్కీయో ఇంకోటి.

4. "పరీక్షల నెలే కదా, తమ్ముడిక్కూడా రెండియ్యి. చదువు దానంతటదే వస్తాది."

సాక్చి చుట్టుపక్కల కోచింగులకి వెళ్ళే పిల్లల ఇళ్ళల్లో ఈ ఆశ పుట్టడం సహజం. కానీ జబ్బు లేనివాళ్ళకి ఈ మందు తెలివి పెంచదు. 40 మంది ఆరోగ్యవంతులకి మెథైల్‌ఫెనిడేట్, డెక్స్‌ట్రోఆంఫెటమిన్, మొడాఫినిల్ ఒక్కోటీ ఇచ్చి క్లిష్టమైన లెక్కల పజిళ్ళు చేయించిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. మందు వేసుకున్నప్పుడు వాళ్ళు ఎక్కువసేపు తంటాలు పడ్డారు, ఎక్కువ ఎత్తులు వేశారు, కానీ ఆ ఎత్తుల నాణ్యత పడిపోయింది. బాగా చదివేశానన్న నమ్మకం వస్తుంది, మార్కులు రావు. ఈలోగా నిద్ర పోతుంది. చదివింది మెదడులో నాటుకునేది నిద్రలోనే.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. స్ట్రిప్పుని వెలుతురులో పట్టి చూడండి. ఎడమ పక్క పై మూల ఎర్రటి ఎక్స్‌ఆర్‌ఎక్స్ గుర్తు, కింద షెడ్యూల్ ఎక్స్ మందన్న హెచ్చరిక ఉంటాయి. ఈ మందు అమ్మడానికి దుకాణానికి వేరే లైసెన్సు కావాలి. డాక్టరు చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒక ప్రతి దుకాణదారు రెండేళ్ళు దాచాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలోనూ దీని పేరుంది. "తెలిసిన షాపు, చీటీ లేకపోయినా ఇప్పిస్తాను" అన్నవాడు మీ మేలు కోరట్లేదు. అమెరికాలో ఉన్న మేనమామ సూట్‌కేసులో తెచ్చే ఆడరాల్ కూడా అంతే. అందులో ఉన్నది ఆంఫెటమిన్, అదీ అదే చట్టం కింద ఉన్న పదార్థం.

అన్నిటికన్నా పెద్ద భయం అలవాటు పడటం. డాక్టరు చూస్తుండగా, చెప్పిన మోతాదులో వేసుకునే పిల్లల్లో ఇది మామూలుగా జరగదు. సొంతంగా పెంచుకుని వేసుకునేవాళ్ళలో, స్నేహితుల మధ్య చేతులు మారినప్పుడు జరుగుతుంది. 2023 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ తరహా మందులన్నిటి మీదా దుర్వినియోగం, వ్యసనం గురించిన హెచ్చరికని మళ్ళీ గట్టిగా రాయించింది. కాబట్టి మాత్రలు పిల్లాడి స్కూల్ సంచిలో ఉండకూడదు, తాళం వేసిన చోట ఉండాలి. వారానికోసారి లెక్కపెట్టండి.

5. "సి షిఫ్ట్‌లో కళ్ళు మూతలు పడతన్నాయా? ఒకటి వేస్కో బావూ, తెల్లార్లూ నిలబడిపోవచ్చు."

రాత్రి 10కి ఎక్కి పొద్దున్న 6కి దిగే మనిషి బాధ నిజమైనది. ఆ బాధకి పిల్లాడి మాత్ర మందు కాదు. ఉత్తేజక మందు నిద్రని తీర్చదు, నిద్ర వస్తోందన్న కబురుని అడ్డుకుంటుంది. అప్పు అలాగే ఉంటుంది, మర్నాడు పగలు పడుకున్నా నిద్ర పట్టదు, మళ్ళీ రాత్రికి ఇంకో మాత్ర. నలభై అయిదు దాటిన మగవాడు, బీపీ ఉందో లేదో తెలియదు, సిగరెట్టో ఖైనీయో అలవాటు, పైన ఈ మాత్ర: గుండెకి ఇంతకన్నా బరువు ఏముంటుంది? వేడి దగ్గర పనిచేసేవాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మందులు ఒంటి వేడిని పెంచవచ్చు, అలసట తెలియనివ్వవు.

షిఫ్టు పని వల్ల నిద్ర పూర్తిగా చెదిరినవాళ్ళకి కొన్నిసార్లు డాక్టర్లు మొడాఫినిల్ రాస్తారు. అది వేరే మందు, దానికీ చీటీ కావాలి. గర్భం రాకుండా మాత్రలు వాడే ఆడవాళ్ళలో ఆ మాత్రల పనితనాన్ని మొడాఫినిల్ తగ్గిస్తుంది. ఒంటి మీద దద్దుర్లు లేస్తే వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి, అరుదుగా అది ప్రాణం మీదికి వస్తుంది. రాత్రి డ్యూటీ తర్వాత గది చీకటి చేసుకుని పడుకోవడం, షిఫ్టు చివరి గంటల్లో టీ మానడం, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగుతున్నట్టుంటే పరీక్ష చేయించుకోవడం: ముందు ఇవి చెయ్యాలి.

6. "పని చెయ్యట్లేదా? ఇంకో సగం కలిపి వెయ్యి."

మందు పని తగ్గినట్టు అనిపించడానికి కారణాలు చాలా ఉంటాయి. పిల్లాడు ఎదిగి బరువు పెరిగి ఉండవచ్చు. నిద్ర చాలక ఉండవచ్చు. మందు దిగే సాయంత్రం వేళ చిరాకు పెరగడాన్ని మీరు మందు పనిచెయ్యకపోవడం అనుకుని ఉండవచ్చు. మింగలేకపోతున్నాడని నిదానంగా విడుదలయ్యే మాత్రని పొడి చేసి తేనెలో నాకిస్తూ ఉండవచ్చు. అలా చేస్తే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది, సాయంత్రానికి ఏమీ మిగలదు. ఇందులో ఏది కారణమో తేలకుండా మోతాదు పెంచితే దుష్ఫలితాలే పెరుగుతాయి.

మనసులో వచ్చే మార్పులూ కనిపెట్టాలి. లేని మాటలు వినిపించడం, అందరూ తన గురించే చెప్పుకుంటున్నారన్న అనుమానం, కారణం లేని భయం. కౌమారంలో, యవ్వనంలో ఈ మందులు మొదలుపెట్టినవాళ్ళలో సుమారు 660 మందిలో ఒకరికి ఇలాంటి స్థితి వచ్చిందని 2019లో అమెరికా పరిశీలన ఒకటి తేల్చింది. మెథైల్‌ఫెనిడేట్ కంటే ఆంఫెటమిన్‌లతో ఎక్కువ. అరుదే. అయినా ఈ లక్షణాలు కనిపించిన రోజే డాక్టరుతో మాట్లాడాలి. దిష్టి తీసి, తాయెత్తు కట్టి వారం ఆగితే ఆలస్యమైపోతుంది.

7. "జలుబు మందే కదా, దాంతో కలిపితే ఏటవుతాది?"

ముక్కు దిబ్బడకి వాడే జలుబు మాత్రల్లో ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ లాంటివి ఉంటాయి. అవీ బీపీ పెంచేవే. రెండూ కలిస్తే పెంపు కూడుతుంది. ఆయుర్వేదం కదా అని ఉబ్బసానికి సోమలత పొడి పెట్టేవాళ్ళున్నారు. అందులో ఉన్నది ఎఫెడ్రిన్, అదీ ఇదే తీరు. మందులకి లొంగని క్షయకి ఇచ్చే లినెజోలిడ్‌తో కలిస్తే బీపీ ప్రమాదకరంగా ఎక్కవచ్చు. ఏకాగ్రత మాత్ర వేసుకునేవాళ్ళకి క్షయ వైద్యం మొదలైతే ఆ మాత్ర సంగతి క్షయ డాక్టరుకి ముందే చెప్పండి. ఆపరేషనుకి మత్తు ఇచ్చే డాక్టరుకీ చెప్పాలి. టీ, ఎనర్జీ డ్రింకులు గుండె దడని పెంచుతాయి. పెద్దవాళ్ళయితే మద్యం అసలు వద్దు. ఏ దుకాణంలో ఏ మందు కొన్నా, ఏకాగ్రత మాత్ర స్ట్రిప్పు ఫొటో ఒకటి ఫోనులో ఉంచుకుని ముందుగా చూపించండి.

8. "సంబంధాలు వస్తన్నాయి. ఎవరికీ చెప్పకు, ఇయ్యాల్టి నుంచి ఆపీ."

మందు ఆపడం తప్పు కాదు. ఆపవచ్చా అని ఏటా ఒకసారి అడగకపోవడమే తప్పు. పైన చెప్పిన ఎంటీఏ పిల్లల్లో, మందు చాలా ఏళ్ళు కొనసాగించినంత మాత్రాన పెద్దయ్యాక లక్షణాలు తగ్గినట్టు కనిపించలేదు. అంటే పోయిన ఏడాది అవసరమైంది ఈ ఏడాదీ అవసరమని దానంతటదే అనుకోకూడదు. కొందరికి వయసుతో లక్షణాలు తగ్గుతాయి, కొందరికి పెద్దయ్యాకా ఉంటాయి. డాక్టరు చెప్పిన పద్ధతిలో కొన్నాళ్ళు ఆపి, చదువు, పని, కోపం, బండి నడపడం ఎలా ఉన్నాయో చూస్తే తేలుతుంది.

చెప్పకుండా ఆపితే చిక్కులున్నాయి. పెద్ద మోతాదు వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే విపరీతమైన నీరసం, దిగులు కమ్ముకోవచ్చు. ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఈ మందుతో పాటు క్లోనిడిన్ కూడా వాడుతుంటే అది హఠాత్తుగా ఆపితే బీపీ ఎగదన్నుతుంది, మెల్లగా తగ్గించాలి. పెళ్ళయ్యాక బిడ్డని కనాలనుకునే అమ్మాయి గర్భానికి ముందే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. దాచిపెట్టి చేసిన పెళ్ళిలో ఆ మాట అడిగే వీలే ఉండదు. నిజం చెప్పి చేసుకున్న సంబంధమే ఆ అమ్మాయికి మేలు.

ఇక చెయ్యాల్సింది

ఒక నోటుబుక్కులో ప్రతి మందుకీ ఒక పేజీ పెట్టండి. పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ. కింద ఆరు గడులు గీయండి: బీపీ, నాడి, ఎత్తు, బరువు, నిద్ర పట్టే వేళ, మనసు తీరు. స్కూలు టీచరు చెప్పిన రెండు మాటలూ అందులోనే రాయండి. డాక్టరు దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకెలు సరిగానే ఉన్నాయా? ఇంతకన్నా తక్కువ మోతాదు సరిపోతుందా? ఇంకా అవసరమా, ఎప్పుడు ఆపి చూద్దాం? అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనని సంకోచించవద్దు, అది మీ హక్కు.

డాక్టరు అందుబాటులో లేని వేళ మనసు బాగోకపోతే 14416కి ఫోను చెయ్యండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం లాంటివైతే ఫోనుతో సరిపెట్టకుండా ఆసుపత్రికే పరుగెత్తాలి.

ఈ మందు ఎందరో పిల్లల్ని బడిలో నిలబెట్టింది. అదే మందుని కొలత లేకుండా ఏళ్ళ తరబడి వేస్తూ పోతే వాళ్ళకే చేటు చెయ్యగలదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పేవాళ్ళ సలహాయే వినండి, ఏ ఒక్కటో చెప్పేవాళ్ళకి నమస్కారం పెట్టి ఊరుకోండి. ఈ వారమే ఒక నోటుబుక్కు కొని మొదటి బీపీ అంకె అందులో రాయండి.